పాత టీవీని సాగనంపే పద్ధతి

ఇంట్లో వాడకుండా పడి ఉన్న కరెంటు వస్తువుల జాబితా ఒకటి రాయండి. మనసులో అనుకోవడం కాదు, కాగితం మీద నిజంగానే రాయండి. బీరువా సొరుగులో స్క్రీన్ పగిలిన ఫోను. దాని కింద అంతకుముందు వాడిన బటన్ల ఫోను. దేనికి చెందినవో ఎవరికీ గుర్తులేని చార్జర్లు. అటక మీద డబ్బా టీవీ. మంచం కింద పిల్లాడి ఇంజినీరింగ్ రోజుల నాటి సీపీయూ. బాల్కనీలో మోటారు కాలిపోయిన మిక్సీ. రాయడం మొదలుపెడితే జాబితా మీరు అనుకున్నదానికన్నా పొడుగవుతుంది.

ఇప్పుడు ప్రతి వస్తువు ఎదురుగా అది ఇంకా ఎందుకు ఇంట్లో ఉందో రాయండి. ఎన్ని రకాలుగా రాసినా కారణాలు మూడే తేలతాయి. 'ఎప్పటికైనా పనికొస్తుంది.' 'అంత పోసి కొన్నాం, ఊరికే ఎలా ఇచ్చేస్తాం?' 'అసలు ఎవరికివ్వాలో తెలియదు.' మొదటి రెండూ మన మనసు సంగతి. మూడోది చట్టం సంగతి. ఈ అధ్యాయంలో రెండింటినీ కలిపి చూద్దాం. కొనడం మనకు బాగా వచ్చు. నాలుగు షాపులు తిరుగుతాం, రివ్యూలు చదువుతాం, బేరమాడతాం. వదిలించుకోవడం దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తాం. వస్తువు చేరాల్సిన చోటికి చేరినప్పుడే ఆ కొనుగోలు పూర్తయినట్టు. అక్కడికి చేర్చే ఖర్చు ఎవరు పెట్టుకోవాలో చట్టం రాసే ఉంచింది. తెలుసుకుని అడగడం మన వంతు.

చచ్చినవాడి కళ్ళు చారెడు

పాడైన వస్తువు విలువ మన లెక్కలో ఎప్పుడూ ఎక్కువే. నలభై వేలు పెట్టి కొన్న లాప్‌టాప్‌కు పాత సామాన్లవాడు మూడు వందలు ఇస్తానంటే కోపం వస్తుంది. ఆ కోపంతో తెచ్చి మళ్ళీ అటక ఎక్కిస్తాం. రెండేళ్ళ తర్వాత వచ్చేవాడు ఆ మూడు వందలు కూడా ఇవ్వడు.

ఫోన్లలో బంగారం ఉంటుందన్న మాట నిజమే. ఎంత ఉంటుందో టోక్యో ఒలింపిక్స్ పతకాల కథ చెబుతుంది. జపాన్ ప్రజలు ఇచ్చిన దాదాపు 79 వేల టన్నుల చిన్న ఎలక్ట్రానిక్ వస్తువులు, వాటితోపాటు 62 లక్షల ఫోన్లు పోగుచేసి, వాటినుంచి తీసిన లోహంతో పతకాలన్నీ పోశారు. చేతికొచ్చిన బంగారం 32 కిలోలు. అందులో ఒక్కో ఫోను వాటా మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది. మీ సొరుగులోని ఫోను ఒక్కటీ మీకు బంగారు గని కాదు. అలాంటివి లక్షలు ఒకచోట చేరితే మాత్రం దేశానికి గనే.

పని చేసే ఫోనుకు అసలు విలువ దాని రెండో జీవితంలో ఉంది. ఈ ఏడాది ఇస్తే బాగుచేసి ఇంకొకరికి అమ్మగలరు. నాలుగేళ్ళు సొరుగులో ఉంటే బ్యాటరీ ఉబ్బుతుంది, సాఫ్ట్‌వేర్ పాతబడుతుంది, చివరికి తుక్కు కింద తూకానికి పోతుంది. అందుకని ఒక నియమం పెట్టుకోండి: ఏడాది పాటు ఎవరూ ముట్టని కరెంటు వస్తువు ఇంట్లో ఉండకూడదు. పనిచేస్తుంటే వాడుకునేవాళ్ళకు ఇవ్వండి. పనిచేయకపోతే రీసైక్లింగ్‌కు పంపండి. అటక మీదికి మాత్రం వద్దు.

ఖర్చు ఎవరి జేబులోంచి?

టీవీని విప్పి, గాజు వేరుచేసి, సర్క్యూట్ బోర్డులోంచి లోహాలు తీసి, విషపదార్థాలను భద్రంగా వదిలించాలంటే ఖర్చవుతుంది. ఆ ఖర్చు వసూలుకు ప్రపంచంలో ప్రధానంగా మూడు పద్ధతులు నడుస్తున్నాయి.

మొదటిది, కొనేటప్పుడే బిల్లులో వసూలు చేయడం. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2003లో ఇందుకు చట్టం చేసి, 2005 జనవరి 1 నుంచి వసూలు మొదలుపెట్టింది. నాలుగు అంగుళాలు మించిన తెర ఉన్న టీవీ, మానిటర్, లాప్‌టాప్ లాంటివి కొంటే తెర సైజును బట్టి మొదట్లో 6, 8, 10 డాలర్లు తీసుకునేవారు. ఆ తర్వాత రేట్లు చాలాసార్లు మారాయి. దుకాణదారు అందులో 3 శాతం తన ఖర్చుకు ఉంచుకుని మిగతాది ప్రభుత్వానికి కడతాడు. సేకరించేవాళ్ళకు, రీసైక్లర్లకు ప్రభుత్వం ఆ నిధిలోంచి బరువు లెక్కన చెల్లిస్తుంది. 2026 జనవరి నుంచి, లోపల బ్యాటరీ బిగించి ఉన్న వస్తువుల మీద కూడా ధరలో 1.5 శాతం, గరిష్ఠంగా 15 డాలర్లు కలిపారు.

రెండోది, పారేసేటప్పుడు వసూలు చేయడం. జపాన్‌లో 2001 ఏప్రిల్ నుంచి ఏసీ, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వదిలించుకోవాలంటే యజమానే రీసైక్లింగ్ రుసుము కట్టి టికెట్ తీసుకోవాలి, రవాణా ఖర్చు కూడా పెట్టుకోవాలి. లెక్క తేటగా ఉంటుంది, కానీ పారేయడానికి డబ్బడిగితే రాత్రిపూట రోడ్డు పక్కన వదిలేసి పోయేవాళ్ళు కొందరు తయారవుతారు. క్రమశిక్షణకు పేరుపడ్డ జపాన్‌కు కూడా ఆ బెడద తప్పలేదు.

మూడోది, కంపెనీ మీద పెట్టడం. తయారుచేసినవాడు, దిగుమతి చేసినవాడు, తన బ్రాండు పేరుతో అమ్మినవాడు ఎవరైతే వాళ్ళే ఆ వస్తువు అంతిమ సంస్కారానికి ఏర్పాటు చేయాలి. దీన్ని ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఈపీఆర్ అంటారు. ఐరోపా దేశాలు ఎక్కువగా ఈ దారిలో నడిచాయి. మన దేశానిదీ ఇదే దారి.

పద్ధతి ఏదైనా, కంపెనీలు ఆ ఖర్చును ధరలోనే సర్దుకుంటాయి కాబట్టి చివరికి మోసేది కొనేవాడే. కాలిఫోర్నియా మనిషికి అది బిల్లులో కనిపిస్తుంది. మనకు కనిపించదు. కనిపించనిదాన్ని అడగాలన్న ఆలోచన రాదు. మన ఇబ్బందంతా ఇక్కడే ఉంది.

మన చట్టం పనిచేసే తీరు

పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 కింద ఈ-వేస్ట్ (పారేసే కరెంటు, ఎలక్ట్రానిక్ వస్తువుల) నిబంధనలు మొదట 2011లో వచ్చి 2012 మే నుంచి అమల్లోకి వచ్చాయి. 2016లో మార్చారు. ఇప్పుడున్నవి 2022 నవంబరులో నోటిఫై చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్నవి. అంతకుముందు 21 రకాల వస్తువులకే వర్తించే చట్టం ఇప్పుడు 106 రకాలకు వర్తిస్తోంది. ఫోన్లు, కంప్యూటర్లు, టీవీలు, ఫ్రిజ్‌లే కాదు, వంటింటి యంత్రాలు, కరెంటు బొమ్మలు, వైద్య పరికరాలు, సోలార్ పలకలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. మీ మిక్సీ కూడా చట్టం కళ్ళలో ఈ-వేస్టే.

కంపెనీలకు లక్ష్యాలు ఇలా పెట్టారు. వస్తువు సగటు ఆయుష్షు ఎన్నేళ్ళో అన్నేళ్ళు వెనక్కి వెళ్ళి, ఆ సంవత్సరం కంపెనీ మార్కెట్లోకి వదిలిన బరువు చూస్తారు. అందులో 2023-24, 2024-25లో 60 శాతం, తర్వాతి రెండేళ్ళు 70 శాతం, 2027-28 నుంచి 80 శాతం రీసైకిల్ అయినట్టు కంపెనీ చూపించాలి. ఉదాహరణకు లెక్కకు వచ్చే ఏడాదిలో 1,000 టన్నుల ఫ్రిజ్‌లు అమ్మిన కంపెనీ 2026-27లో 700 టన్నులకు జవాబు చెప్పాలి.

కంపెనీ మీ ఇంటికి వచ్చి ఫ్రిజ్ తీసుకుపోనక్కరలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్ ఆ పని చేసి, దానికి సర్టిఫికెట్ పొందుతాడు. కంపెనీ ఆ సర్టిఫికెట్ కొనుక్కుంటుంది. బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము అనే నాలుగు లోహాల లెక్కన ఈ సర్టిఫికెట్లు పుడతాయి. లక్ష్యం చేరని కంపెనీ పర్యావరణ పరిహారం కట్టాలి. కట్టినా బాధ్యత తీరదు, బాకీ తర్వాతి ఏళ్ళకు వెంట వస్తుంది. ఏడాదిలోపు తీర్చుకుంటే కట్టిన పరిహారంలో 85 శాతం తిరిగిస్తారు, రెండో ఏడాదైతే 60, మూడో ఏడాదైతే 30.

సర్టిఫికెట్ ధర మరీ పడిపోతే నిజాయితీగా పనిచేసే రీసైక్లర్ బతకలేడు. అందుకని 2024లో ప్రభుత్వం కిలోకు కనీస ధర పెట్టింది: గృహోపకరణాల్లాంటి వాటికి 22 రూపాయలు, స్మార్ట్‌ఫోన్లకు 34 రూపాయలు. ఇది మాకు భారమంటూ కొన్ని పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. గొడవ సంగతి అలా ఉంచి, మీరు ఒక చిన్న లెక్క వేసుకోండి. మీ ఇంట్లో 50 కిలోల పాత ఫ్రిజ్ ఉంది. 22 రూపాయల లెక్కన దాని రీసైక్లింగ్ కోసం ఎవరో ఒక కంపెనీ కనీసం 1,100 రూపాయలు పెట్టాల్సి ఉంటుంది. ఫ్రిజ్ సరైన గేటు దాటితేనే ఆ డబ్బు కదులుతుంది. పాత సామాన్ల బండి ఎక్కితే కదలదు.

బండివాడికిస్తే తప్పేమిటి?

'పాత సామాన్లు కొంటాం' అని వీధిలోకి వచ్చే మనిషి దోషి కాదు. ఇంటి గడప దాకా వచ్చి, చేతికి డబ్బిచ్చి తీసుకుపోయేది ఆయనొక్కడే. నమోదైన రీసైక్లర్లకు లేని బలం అది. చిక్కు ఆయన తర్వాత మొదలవుతుంది. బండి సరుకు తుక్కు కొట్టుకు, అక్కడినుంచి పెద్ద వ్యాపారికి చేరుతుంది. రాగి కోసం వైర్లను బహిరంగంగా కాలుస్తారు. ఆ పొగలో డయాక్సిన్ల లాంటి విషాలు ఉంటాయి. సర్క్యూట్ బోర్డులు ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ లాంటి చోట్లకు పోతాయి. అక్కడ ఇరుకు గదుల్లో, చేతికి తొడుగు కూడా లేకుండా యాసిడ్‌లో ముంచి లోహం తీస్తారు. మిగిలిన యాసిడ్ మురుగుకాలవలో కలుస్తుంది. డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది. దానికి ధర పలకదు కాబట్టి పగలగొట్టి ఎక్కడో పారబోస్తారు. ఫ్రిజ్ కంప్రెసర్ కోసేసరికి లోపలి వాయువు గాల్లో కలుస్తుంది.

ఇందులో ఇచ్చినవాడికి వాటా ఉంది, కొన్నవాడికి ఉంది, అమ్మి చేతులు దులుపుకున్న కంపెనీకి ఉంది. తిలా పాపం తలా పిడికెడు. 2022లో ప్రపంచం మొత్తం మీద 6.2 కోట్ల టన్నుల ఈ-వేస్ట్ పుట్టిందని, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కల్లోకి వచ్చింది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. మిగిలినదాంట్లో చాలా భాగం ఇలాంటి లెక్కకు రాని దారుల్లో పోయింది.

అందుకని పేపర్లు, ఇనుము, ప్లాస్టిక్ బకెట్లు ఎప్పటిలాగే బండివాడికే అమ్మండి. ప్లగ్గు ఉన్నదీ, బ్యాటరీ ఉన్నదీ మాత్రం పక్కన పెట్టండి. ఈ గీత ఇంట్లో పనిమనిషికి, పెద్దవాళ్ళకు కూడా ఒకసారి చెప్పి ఉంచండి. మనం లేనప్పుడే ఎక్కువ సరుకు బయటికి పోతుంది.

మన దేశంలోనే పద్ధతిగా నడిచే వ్యవహారం ఒకటుంది, చూడండి. ఇన్వర్టర్ బ్యాటరీ, కారు బ్యాటరీ ఎవరి అటక మీదా ఉండవు. పాతది వెనక్కిస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు, కాబట్టి ఎక్కువ భాగం షాపుకే తిరిగిపోతాయి. పాత బ్యాటరీలు డీలర్లు వెనక్కి తీసుకోవాలన్న నిబంధన 2001లోనే వచ్చింది. తిరిగి తీసుకునే చోటు, తిరిగి ఇస్తే లాభం, రెండూ కనిపిస్తే మన జనం ఎవరూ చెప్పకుండానే పాటిస్తారు. ఫోన్లకూ టీవీలకూ ఆ రెండూ ఇంకా అంత స్పష్టంగా కనిపించడం లేదు. ఈలోపు అడిగి తెలుసుకోవడమే దారి.

అడగాల్సిన మూడు ప్రశ్నలు

ముందుగా మీ వస్తువు కంపెనీ వెబ్‌సైట్ తెరవండి. చాలా కంపెనీల సైట్లలో అడుగున ఎక్కడో చిన్న అక్షరాల్లో ఈ-వేస్ట్ పేజీ ఉంటుంది. అందులో ఫోన్ నంబరు, వస్తువు అప్పగించే చోట్లు ఇస్తారు. కొనేవాళ్ళకు దీని గురించి తెలియజెప్పడం కంపెనీల బాధ్యతేనని నిబంధనల్లో ఉంది. కాబట్టి అక్కడ ఫోనెత్తిన మనిషి తెలియదంటే మొహమాటపడకుండా ఈమెయిల్ రాయండి. జవాబు రాతపూర్వకంగా ఉంటుంది.

రెండో దారి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ-వేస్ట్ పోర్టల్. నమోదైన రీసైక్లర్లు, బాగుచేసి అమ్మేవాళ్ళు ఎవరో అందులో చూడొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండళ్ళ కార్యాలయాల్లోనూ అడగొచ్చు.

ఎవరికిచ్చినా ఈ మూడూ అడగండి:

1. మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? చెప్పిన నంబరు పోర్టల్లో సరిచూసుకోండి. 'అంతా గవర్నమెంట్ అప్రూవ్డే సార్' అన్న మాట నంబరు కాదు.

2. వస్తువు పేరు, బరువు, తేదీతో రసీదు ఇస్తారా?

3. దీన్ని విప్పేది మీరేనా, ఇంకెవరికైనా అమ్మేస్తారా?

మూడో ప్రశ్నే అసలైనది. కొత్త ఫ్రిజ్ కొంటూ పాతది ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేటప్పుడు షాపులో ఇలా మాట్లాడి చూడండి.

"బాబూ, మా పాత ఫ్రిజ్ ఎక్కడికి పోతుంది?"

"మా గోడౌన్‌కండీ."

"అక్కణ్ణుంచి?"

"అది... హోల్‌సేల్‌గా తీసుకునేవాళ్ళు ఉంటారండీ."

"వాళ్ళు రిజిస్టర్డ్ రీసైక్లర్లేనా? మేనేజర్ గారిని అడిగి చెప్తావా?"

ఆ కుర్రాడి దగ్గర జవాబు ఉండకపోవచ్చు. అదే వారంలో పదిమంది అడిగితే మేనేజరు తెలుసుకుంటాడు. ఇంకో మాట. ఎక్స్ఛేంజ్‌కు ముందు, పాతది ఇవ్వకుండా కొంటే ధర ఎంతో కూడా అడగండి. కొన్నిసార్లు 'మీ పాత ఫ్రిజ్‌కు రెండువేలు' అన్నది మామూలు తగ్గింపుకే పెట్టిన ఇంకో పేరు. అప్పుడు పాతది మీరే సరైన చోటికి పంపుకోవచ్చు, మీకు పోయేదేమీ లేదు.

ఒకటి రెండు వస్తువుల కోసం రీసైక్లర్ వ్యాను ఇంటికి రాకపోవచ్చు, వచ్చినా ధర తక్కువే ఇవ్వొచ్చు. దానికి మందు పోగుచేయడం. అపార్ట్‌మెంట్ సంఘం ఏడాదికి రెండుసార్లు, ఉగాదికి ముందొకసారి, దసరాకు ముందొకసారి, ఇల్లు దులిపే రోజుల్లో సేకరణ పెట్టుకుంటే వందల కిలోలు జమవుతాయి. అంత బరువుకు రీసైక్లరే ఫోన్ చేసి వస్తాడు. వచ్చిన డబ్బు వాచ్‌మన్ కుటుంబాలకో, సంఘం నిధికో వేసుకోవచ్చు.

ఇచ్చేముందు ఇంట్లో చేయాల్సినవి

చాలామంది ఫోను దాచుకోవడానికి పైకి చెప్పని కారణం భయం. ఫోటోలు, బ్యాంకు వివరాలు ఎవరి చేతిలో పడతాయో అని. ఆ భయం సబబే, విరుగుడు కూడా సులువే.

పనిచేసే ఫోనైతే ముందు ఫోటోలు, నంబర్లు కొత్తదాంట్లోకి మార్చుకోండి. బ్యాంకు, యూపీఐ యాప్‌లలో ఖాతా తీసేయండి. గూగుల్ లేదా ఆపిల్ ఖాతా నుంచి బయటికి వచ్చాకే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే తర్వాతివాళ్ళకు ఫోను తాళం వేసినట్టే ఉండిపోతుంది. చివర్లో సిమ్, మెమరీ కార్డు తీసి పెట్టుకోండి.

అసలు ఆన్ కాని ఫోనైతే ఇంకో పరికరంలో మీ ఖాతా తెరిచి, పరికరాల జాబితాలోంచి ఆ ఫోనును తొలగించి, పాస్‌వర్డ్ మార్చండి. కంప్యూటర్ విషయంలో ఫైళ్ళు డిలీట్ చేస్తే సరిపోదు, అవి మళ్ళీ బయటికి తీయొచ్చు. డిస్కు మొత్తం తుడిచే సాఫ్ట్‌వేర్ వాడండి, లేదా హార్డ్ డిస్కు విప్పించి ఉంచుకోండి. ఆఫీసు కంప్యూటర్లకైతే డేటా ధ్వంసం చేసినట్టు రాతపూర్వక ధ్రువపత్రం అడగండి. అందరూ మరిచిపోయేవి రెండున్నాయి: లాగిన్ అయి ఉన్న స్మార్ట్ టీవీ, ఇంటి సీసీ కెమెరాల డీవీఆర్‌లోని హార్డ్ డిస్కు.

కొన్ని జాగ్రత్తలు ఒంటికి సంబంధించినవి. ఉబ్బిన ఫోను బ్యాటరీని గుచ్చకండి, నొక్కకండి, ఎండలో పెట్టకండి. విడిగా ఉన్న బ్యాటరీల కొనలకు టేపు అంటించండి. ట్యూబ్‌లైట్లలో, సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది, పగలకుండా పాత అట్టపెట్టెలో పెట్టి ఇవ్వండి. డబ్బా టీవీని గానీ ఫ్రిజ్‌ను గానీ విప్పించకండి, ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి. బ్యాటరీలకు 2022 ఆగస్టులో వేరే నిబంధనలు వచ్చాయి. వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వడం వినియోగదారుడి బాధ్యతేనని అందులో సూటిగా రాశారు. గోడగడియారంలోంచి తీసిన సెల్లు కూడా బ్యాటరీయే.

మీ సంతకం ఉన్న చోట

మీరు కాలేజీ కరస్పాండెంటో, ఆసుపత్రి అడ్మినిస్ట్రేటరో, ఐటీ కంపెనీలో కొనుగోళ్ళు చూసేవారో అయితే ఈ భాగం మీకోసం. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా, చట్టం జాబితాలోని వస్తువులు కనీసం వెయ్యి వాడిన సంస్థను 'బల్క్ కన్స్యూమర్' అంటారు. వెయ్యి అంటే పెద్ద సంఖ్యలా వినిపిస్తుంది గానీ, కంప్యూటర్లు, మానిటర్లు, ప్రింటర్లు, ఏసీలు కలిపి లెక్కపెడితే ఒక మోస్తరు ఇంజినీరింగ్ కాలేజీ ఆ గీత దాటేస్తుంది. అలాంటి సంస్థ తన ఈ-వేస్టును నమోదైన కంపెనీకి, బాగుచేసేవాళ్ళకు, లేదా రీసైక్లర్‌కు మాత్రమే ఇవ్వాలి. పాత కంప్యూటర్లను వేలం వేసి ఎవరెక్కువ పాడితే వాళ్ళకు తోలేయడం అలవాటుగా ఉంటే, వేలం నోటీసులోనే రిజిస్ట్రేషన్ షరతు పెట్టండి. తనిఖీ వచ్చిన రోజు మిమ్మల్ని కాపాడేది వేలంలో ఎక్కువగా వచ్చిన నాలుగు డబ్బులు కాదు, ఫైల్లో ఉన్న రసీదు.

విద్యాసంస్థల వాళ్ళు చేయగలిగినది ఇంకొకటి కూడా ఉంది. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద పరిశోధన మన హైదరాబాదులోనే, చర్లపల్లిలోని సీ-మెట్ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో జరిగింది. ఇది చెత్త సంగతిగా కాక సాంకేతిక విద్యగా, ఉద్యోగంగా పిల్లలకు పరిచయం చేయొచ్చు.

విదేశాల్లో ఉంటే

అమెరికాలో దేశమంతటికీ ఒక్క ఈ-వేస్ట్ చట్టం లేదు. రాష్ట్రానికొక రీతి. కాలిఫోర్నియాలో ఉంటే రుసుము కొన్నప్పుడే కట్టారు కాబట్టి టీవీ, మానిటర్ ఇవ్వడానికి మళ్ళీ డబ్బడిగితే ఎందుకని అడగండి. న్యూజెర్సీలో 2011 నుంచి, న్యూయార్క్‌లో 2015 నుంచి ఇళ్ళవాళ్ళు టీవీలు, కంప్యూటర్లు చెత్తలో వేయడం నిషేధం. అక్కడ సేకరణ ఖర్చు తయారీదారులది. టెక్సస్‌లో కంప్యూటర్ కంపెనీలు తమ బ్రాండు పాత యంత్రాలను ఉచితంగా వెనక్కి తీసుకోవాలి. ఇల్లు మారే ముందురోజు టీవీని డంప్‌స్టర్ పక్కన వదిలేసి వచ్చే అలవాటు కొన్నిచోట్ల నేరమవుతుందని గుర్తుంచుకోండి. ఐరోపాలో 400 చదరపు మీటర్లు మించిన ఎలక్ట్రానిక్స్ దుకాణాలు 25 సెంటీమీటర్లకు లోపు ఉన్న చిన్న వస్తువులను, మీరేమీ కొనకపోయినా, ఉచితంగా తీసుకోవాలి. ఆస్ట్రేలియాలో టీవీలకు, కంప్యూటర్లకు 2011 నుంచి జాతీయ పథకం నడుస్తోంది.

ఎక్కడున్నా ఊరు మారగానే ఆ రాష్ట్రం లేదా దేశం పేరుతో ఈ-వేస్ట్ నిబంధనలు ఒకసారి వెతికి చూసుకోండి. కరెంటు కనెక్షన్, గ్యాస్ కనెక్షన్ కనుక్కునే రోజే ఇదీ కనుక్కోవచ్చు.

కొనేటప్పుడే

ఇంతవరకూ చెప్పుకున్నది ఇంట్లో ఉన్నదాని సంగతి. రేపు రాబోయేదాని గురించి కొనే ముందు మూడు సంగతులు చూడండి. దీనికి విడిభాగాలు ఎన్నేళ్ళు దొరుకుతాయి? బ్యాటరీ మార్చుకోవచ్చా? ఈ కంపెనీకి పాతది వెనక్కి తీసుకునే ఏర్పాటు మన ఊళ్ళో ఉందా? మూడింటికీ జవాబు లేని వస్తువు చౌకగా దొరికితే, దాని మిగతా ఖర్చు ఇంకెవరో భరిస్తున్నారని అర్థం.

అట్టపెట్టె మీద చక్రాల చెత్తబుట్టకు అడ్డంగా ఇంటూ గుర్తు కొట్టిన బొమ్మ ఉంటుంది. దీన్ని మామూలు చెత్తలో వేయొద్దని దాని అర్థం. పిల్లలకు ఆ బొమ్మ చూపించి, ఇంట్లో ఇంకెన్ని వస్తువుల మీద ఉందో వెతకమనండి. వాళ్ళకు ఒకసారి అలవాటైతే మిమ్మల్ని వాళ్ళే నిలదీస్తారు.

ఈ నెల సాధన

మొదటి వారం: మొదట్లో రాసిన జాబితాను మూడు ముక్కలు చేయండి: పనిచేసేవి, బాగుచేస్తే పనిచేసేవి, ఇక లేవనివి. 'చూద్దాం' అనే నాలుగో ముక్క పెట్టకండి.

రెండో వారం: పనిచేసేవాటిని వాడుకునేవాళ్ళకు ఇచ్చేయండి. బాగుచేయాల్సినవి మెకానిక్‌కు చూపించి, బాగుచేయడానికి అయ్యే ఖర్చు అలాంటి కొత్తదాని ధరలో సగం దాటితే మూడో ముక్కలోకి మార్చండి.

మూడో వారం: రెండు ఫోన్‌కాల్స్ చేయండి. ఒకటి మీ వస్తువు కంపెనీకి, ఒకటి నమోదైన రీసైక్లర్‌కు. మూడు ప్రశ్నలూ అడగండి. ఎవరేం చెప్పారో తేదీతో రాసుకోండి. అదే వారం మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో 'పాత ఎలక్ట్రానిక్స్ ఎవరి దగ్గరున్నాయి?' అని ఒక్క మెసేజ్ పెట్టండి.

నాలుగో వారం: డేటా తుడవండి, బ్యాటరీలకు టేపు అంటించండి, సరుకు అప్పగించండి, రసీదు తీసుకోండి. వస్తువు కొన్న బిల్లు ఉన్న ఫైల్లోనే ఆ రసీదు పెట్టండి. బిల్లుతో మొదలైన కొనుగోలు ఆ రసీదుతో పూర్తవుతుంది. ఇకమీదట ఇంట్లోకి వచ్చే ప్రతి కరెంటు వస్తువుకూ ఆ ఫైల్లో రెండు కాగితాలకు చోటు ఉంచండి.